అప్పు అందరిదీ, శిక్ష కొరునాది

మా బావగారు బ్యాంకు మనిషి. గోదావరి జిల్లాల్లో ఏళ్ళ తరబడి బ్రాంచి నుంచి బ్రాంచికి తిరిగి ఇప్పుడు రిటైర్మెంటుకి దగ్గర పడ్డారు. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో కూడా ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అలాంటాయన ఒకరోజు నాకో యూట్యూబ్ వీడియో పంపి కింద ఇలా రాశారు: "ఏరా, నువ్వు కలవరించే టీమ్ ఇదేనా? అప్పు చేసి పప్పుకూడు తింటే ఏమవుతుందో చూడు."

వీడియో స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్ డిపోర్టివో లా కొరునా గురించి, అభిమానుల నోట్లో డిపోర్. ఇలాంటివి నేను చాలా చూశాను. అన్నిటిదీ ఒకే అచ్చు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, ఆశపోతు అధ్యక్షుడు, తాహతుకు మించిన ఆటగాళ్ళు, ఒక లీగ్ టైటిల్, కొన్నేళ్ళు యూరప్‌లో హడావుడి, ఆ తర్వాత అప్పులవాళ్ళు, కోర్టు, మూడో డివిజన్. చివర్లో విషాదంగా పియానో. చూసేవాడు తల పంకించి "అంతే మరి, ఉన్నదాంట్లో సర్దుకోవాలి" అనుకుని ఇంకో వీడియోకి వెళ్ళిపోతాడు.

చెప్పినవాటిలో అబద్ధం ఏదీ లేదు. నా తగువంతా చెప్పకుండా వదిలేసినవాటి గురించి. ఆ ఇరవై ఏళ్ళలో స్పెయిన్‌లో అప్పు లేని క్లబ్బుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డిపోర్ చేసిన పనులే అంతకన్నా పెద్ద ఎత్తున చేసినవాళ్ళు ఇవాళ యూరప్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ ఆడుతున్నారు. అప్పు డిపోర్‌ని ముంచింది, నిజమే. అదే అప్పు మిగతావాళ్ళని ఎందుకు ముంచలేదన్న ప్రశ్న ఆ వీడియోల్లో ఒక్కదానిలోనూ రాదు.

వానలో ఆగిన ఫైనల్, లోపలికి వెళ్ళని బంతి

ముందు ఆ టీమ్ గురించి కాస్త చెప్పుకోవాలి. లెక్కల పేజీ చూసి తీర్పు చెప్పేవాళ్ళకి ఆ ఊరివాళ్ళు దేని కోసం అంత తెగించారో కనిపించదు.

1988 మే నెలలో డిపోర్ మూడో డివిజన్‌కి జారిపోయే అంచున ఉంది. ఆఖరి క్షణాల్లో విసెంతే అనే ఆటగాడు రాసింగ్ అనే క్లబ్ మీద గోల్ కొట్టకపోతే ఈ కథే లేదు. కొన్ని వారాల్లో అగుస్తో సెసర్ లెందోయిరో క్లబ్ అధ్యక్షుడయ్యాడు. 1991 జూన్‌లో ముర్సియాని ఓడించి, ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదటి డివిజన్‌కి వచ్చారు. ఆ మ్యాచ్‌లో సొంత మైదానం రియాజోర్ స్టేడియం పైకప్పు ఒక పక్క అంటుకుంది. ఆట ఆపి, మంటలార్పి, మళ్ళీ ఆడారు. ఆ మరుసటి ఏడాదే బ్రెజిల్ నుంచి బెబెతో, మౌరో సిల్వా అనే పేరున్న ఆటగాళ్ళు దిగారు. రెండున్నర లక్షల జనాభా ఉన్న ఊరికి బెబెతో రావడమేమిటని స్పెయిన్ అంతా నోరు తెరిచింది.

కోచ్ అర్సేనియో ఇగ్లేసియాస్ ఆ చుట్టుపక్కల పల్లెవాడే. గొంతు పెంచి మాట్లాడని పెద్దాయన. 1993–94 సీజన్లో 38 మ్యాచ్‌ల్లో ఆయన టీమ్ ఇచ్చుకున్న గోల్స్ 18. అలాంటి డిఫెన్స్‌తో ఆఖరి రోజు దాకా లీగ్ పైనున్నారు. 1994 మే 14న సొంత మైదానంలో వలెన్సియాని ఓడిస్తే టైటిల్ వాళ్ళది. అటు బార్సిలోనా సెవియా మీద అయిదు గోల్స్ కొట్టేసింది. ఇటు స్కోరు 0–0. ఆట ఇంకో నిమిషంలో అయిపోతుందనగా డిపోర్‌కి పెనాల్టీ దొరికింది. మామూలుగా పెనాల్టీలు కొట్టే డొనాటోని అప్పటికే బయటికి పిలిచేశారు. బెబెతో ముందుకు రాలేదు. డిఫెండర్ మిరోస్లావ్ జుకిచ్ బంతి తీసుకున్నాడు.

ఆ వీడియో ముక్క ఎన్నోసార్లు చూశాను. జుకిచ్ బంతి పెట్టి వెనక్కి నడుస్తూ గుండెల నిండా గాలి పీల్చి వదులుతాడు. బుగ్గలు ఉబ్బుతాయి. ఆ ఒక్క ఊపిరి చూస్తే అర్థమైపోతుంది, ఈ బంతి లోపలికి వెళ్ళదని. బలం లేని కిక్. గోల్‌కీపర్ గోన్సాలెస్ పక్కకి వాలి ఒడిసి పట్టుకున్నాడు. రెండు టీములకీ 56 పాయింట్లే. ముఖాముఖి మ్యాచ్‌ల లెక్కలో టైటిల్ బార్సిలోనాకి పోయింది.

మరుసటి ఏడాది స్పెయిన్ దేశవాళీ కప్పు కోపా ఫైనల్‌లో మళ్ళీ అదే వలెన్సియా. 1–1 దగ్గర మాడ్రిడ్‌లో వడగళ్ళ వాన దంచికొట్టి 79వ నిమిషంలో ఆట ఆగిపోయింది. మూడు రోజుల తర్వాత మిగిలిన పదకొండు నిమిషాలు ఆడించడానికి అందరినీ మళ్ళీ రప్పించారు. మొదలెట్టిన నిమిషంలోనే ఆల్ఫ్రెడో తలతో గోల్ కొట్టాడు. క్లబ్ చరిత్రలో మొదటి పెద్ద కప్పు అలా వచ్చింది.

2000లో హావియెర్ ఇరురేతా కోచ్‌గా, రాయ్ మకాయ్ 22 గోల్స్‌తో లీగ్ గెలిచేశారు. 11 మ్యాచ్‌లు ఓడి కూడా ఛాంపియన్లయ్యారు, అదొక వింత. 2002 మార్చి 6న రియల్ మాడ్రిడ్ తన నూరేళ్ళ పుట్టినరోజు పండగ కోసం సొంత స్టేడియంలో పెట్టించుకున్న కోపా ఫైనల్‌లో 2–1తో గెలిచి, వాళ్ళకి వాళ్ళింట్లోనే పుట్టినరోజు పాట పాడి వచ్చారు. ఈ ఒక్క ముచ్చట కోసమైనా ఆ అప్పు దండగ కాదని వాదించేవాళ్ళు కొరునాలో ఉంటారని నా నమ్మకం.

నాకు వాళ్ళ పిచ్చి పట్టింది 2004లో, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్స్‌లో. మిలాన్‌లో 4–1తో చిత్తుగా ఓడి వచ్చారు. రెండో మ్యాచ్ ఏప్రిల్ 7న, మనకి అర్ధరాత్రి దాటాక. బయట ఎన్నికల ప్రచారం జోరు మీద ఉంది, పగలంతా మైకులు, రాత్రి కాస్త నిశ్శబ్దం. హాస్టల్ టీవీ గదిలో నేనూ, ఇంకో ఇద్దరు మిలాన్ అభిమానులూ. వాళ్ళు కూడా సగం నిద్రలోనే ఉన్నారు, గెలిచేశామన్న ధీమా. అయిదో నిమిషంలో పాండియాని కొట్టాడు. తర్వాత వలెరోన్, హాఫ్‌టైమ్‌కి ముందు లూకే. మూడోది పడ్డాక వాళ్ళలో ఒకడు లేచి కూర్చుని "ఒరే, ఎవర్రా వీళ్ళు?" అన్నాడు. ఫ్రాన్ నాలుగోది కొట్టేసరికి నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను. ఆడుతున్నది అప్పటి యూరప్ ఛాంపియన్ల మీద. ఈ మ్యాచ్ తిప్పితే క్రైస్తవుల పుణ్యక్షేత్రం శాంతియాగోకి యాత్ర చేస్తానని మొక్కుకున్న ఇరురేతా తర్వాత నిజంగానే నడిచివెళ్ళి మొక్కు తీర్చుకున్నాడు. ఇది చదివినప్పుడు తిరుమల మెట్లెక్కే మా పిన్ని గుర్తొచ్చి ఆయన మీద ఇంకా ఇష్టం పెరిగింది.

సెమీస్‌లో పోర్టో చేతిలో ఒక్క పెనాల్టీ తేడాతో ఓడిపోయారు. అక్కడి నుంచి కిందికే.

బావగారి లెక్క

దసరాకి అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఈ తగువు భోజనాల దగ్గర మళ్ళీ మొదలైంది. ఇదంతా ఆయనకి చెప్పాను, కాస్త ఆవేశంగానే. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ విని ఒకటే అడిగారు.

"బాకీల్లో ఎక్కువ ఎవరిది?"

"ప్రభుత్వానిది, పన్నుల శాఖకి" అన్నాను.

"ఆఁ. అంటే వాడు కట్టాల్సిన పన్ను కట్టకుండా ఆ డబ్బు పెట్టి బ్రెజిల్ వాణ్ణి తెచ్చుకున్నాడు. ఆ పన్ను ఏమయ్యేదిరా? ఆ ఊరి బడికో, ఆసుపత్రికో వెళ్ళేది. నువ్వు పాట పాడారు, పండగ చేసుకున్నారు అంటున్నావు. ఆ పండగ ఖర్చు ఆట చూడనివాడి జేబులోంచి పోయింది."

దీనికి నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. 2013 జనవరిలో డిపోర్ కోర్టు రక్షణ కోరినప్పుడు బాకీ 150 మిలియన్ యూరోల పైన తేలింది. అందులో సింహభాగం పన్నులే. మిగతా క్లబ్బుల పద్దులూ ఉన్నాయి. డిపోర్‌ని నమ్మి ఆటగాణ్ణి అమ్మిన ఇంకో చిన్న క్లబ్ తన డబ్బు కోసం ఏళ్ళపాటు తిరగడం కూడా ఈ కథలో భాగమే. ఆ క్లబ్ గురించి ఎవరూ పియానో వాయించరు. ఈ మాట బావగారి నోటి నుంచి వచ్చాకే నాకు తట్టింది.

అయితే ఆయనే కాసేపటికి, చెయ్యి కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చున్నాక, ఇంకో సంగతి చెప్పారు. వాళ్ళ బ్రాంచిలో బంగారం తాకట్టు పెట్టి గడువు దాటినవాళ్ళకి వేలం నోటీసు పేపర్లో వేస్తారు, పేరు, ఊరు, లోన్ నంబరుతో సహా. రెండు కాసుల గొలుసు కోసం ఆడమనిషి వచ్చి ఇంకో నెల ఆగమని బతిమాలుతుంది. ఆగడానికి బ్రాంచి మేనేజరుకి అధికారం లేదు. "మరి వందల కోట్ల వాడో?" అని నేనడిగాను. ఆయన నవ్వారు. "వాడితో మాట్లాడ్డానికి హైదరాబాదులో ఏసీ గది ఉంటుంది. వాడికిచ్చేది నోటీసు కాదు, సెటిల్‌మెంటు."

నా వాదన ఆయనే నా చేతికిచ్చారు. ఇచ్చినట్టు ఆయన ఒప్పుకోరు, అది వేరే విషయం.

గడువు ఎవరికి దొరికింది

డిపోర్ లీగ్ గెలిచిన 1999–2000 సీజన్లోనే అట్లెటికో మాడ్రిడ్ రెండో డివిజన్‌కి పడిపోయింది. ఆ సీజన్లో కొంతకాలం ఆ క్లబ్ కోర్టు నియమించిన అధికారి చేతిలో ఉంది. వాళ్ళ అధ్యక్షుడు హెసూస్ హిల్ వాటాలు చేజిక్కించుకున్న తీరే మోసమని తర్వాత సుప్రీంకోర్టు కూడా తేల్చింది, కాకపోతే కాలదోషం పట్టిందని శిక్ష లేకుండా వదిలేసింది. 2012 వచ్చేసరికి అట్లెటికో పన్నుల శాఖకి 150 మిలియన్ యూరోలకు పైగా బాకీ ఉంది. డిపోర్ మొత్తం అప్పుతో సమానంగా, ఒక్క పన్నుల్లోనే. అంతకు ముందు ఎండాకాలం అగూరోని మాంచెస్టర్ సిటీకి అమ్మిన క్లబ్, అదే ఎండాకాలంలో సుమారు 40 మిలియన్లు పోసి ఫల్కావోని కొంది. ఫల్కావో గోల్స్‌తో 2012లో యూరోపా లీగ్ గెలిచింది. 2014లో లీగ్ గెలిచింది.

అట్లెటికో అభిమానుల మీద నాకు కోపం లేదు. వాళ్ళకి వాయిదాలు దొరికాయి, ఆ వాయిదాల మధ్య గొప్ప టీమ్ కట్టుకున్నారు, శభాష్. అప్పట్లో స్పెయిన్ క్లబ్బులన్నీ కలిసి ప్రభుత్వానికి 750 మిలియన్ యూరోల పైన పన్ను బాకీ ఉన్నాయి. అంతమంది చేసిన పనిని కొరునాలో ఒక్క మనిషి అత్యాశగా కుదించి చెబితేనే నాకు ఒళ్ళు మండేది.

రియల్ మాడ్రిడ్ సంగతి ఇంకా సొగసు. 2001లో నగర నడిబొడ్డున ఉన్న తన పాత శిక్షణ మైదానం మీద ఎత్తైన భవనాలు కట్టుకునేలా జోన్ మారింది. ఆ స్థలం అమ్మితే వచ్చినది సుమారు 480 మిలియన్ యూరోలు. అప్పు తుడిచేసుకున్నారు. అదే ఏడాది జిదాన్ వచ్చాడు. చట్టవిరుద్ధమని నేను అనడం లేదు. కొరునాలో సముద్రం ఒడ్డునున్న రియాజోర్ స్టేడియం క్లబ్‌ది కాదు, మున్సిపాలిటీది. అమ్ముకోవడానికి లెందోయిరో దగ్గర ఏముంది?

టీవీ డబ్బు చూడండి. 2015లో ప్రభుత్వం చట్టం తెచ్చేదాకా స్పెయిన్‌లో ఏ క్లబ్ హక్కులు ఆ క్లబ్బే అమ్ముకునేది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలకి వచ్చేది అడుగునున్న క్లబ్బులకి వచ్చేదానికి పది రెట్లు. అలాంటి పోటీలో పైమెట్టు మీద నిలబడాలంటే మధ్యతరగతి క్లబ్బుకి రెండే దారులు: ఆశ చంపుకోవడం, లేదా అప్పు. ఆశ చంపుకున్నవాళ్ళ మీద ఎవరూ వీడియోలు తియ్యరు.

లీగ్ నియమాలు ఎవరి కోసం వంగుతాయో తెలియాలంటే 1995 ఆగస్టు చదవాలి. పూచీకత్తు సొమ్ము గడువులోగా కట్టలేదని సెవియానీ, డిపోర్ పక్కింటి ప్రత్యర్థి సెల్టానీ మూడో అంచెకి తోసేశారు. సెవియాలో, సెల్టా ఊరు వీగోలో వీధులు జనంతో నిండిపోయాయి. కొన్ని రోజుల్లో నిర్ణయం వెనక్కి. వాళ్ళ స్థానంలోకి పిలిచిన రెండు క్లబ్బులని కాదనలేక, ఏకంగా లీగ్‌నే 22 టీములకి పెంచేశారు! రెండేళ్ళు అలాగే ఆడారు. అందులో తప్పేమీ లేదు, రెండు ఊళ్ళ గుండె ఆగకుండా కాపాడారు. అంత పెద్ద మనసు తర్వాత ఏమైపోయిందో.

2014లో ఐబార్‌కి వచ్చేసరికి అది కనబడలేదు. ఇరవై ఏడు వేలమంది ఉండే ఊరు. పైసా అప్పు లేని క్లబ్. మైదానంలో గెలిచి మొదటి డివిజన్‌కి ఎక్కితే, నీ మూలధనం చాలదు, 17 లక్షల యూరోల పైన కొత్తగా సమకూర్చుకోకపోతే మూడో అంచెకి తోసేస్తామన్నారు. నియమం చెప్పేది అదే మరి: మిగతా క్లబ్బుల ఖర్చుల సగటు చూసి లెక్కగట్టాలట. అప్పు చేసినవాళ్ళ ఖర్చుల సగటుని బట్టి అప్పు చెయ్యనివాడికి జరిమానా. చివరికి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో తలా కొంచెం వాటా కొని గట్టెక్కించారు. బుద్ధిగా ఉంటే బాగుపడతారన్న నీతికథ వినిపించేవాళ్ళకి నేను ఐబార్ పేరు చెబుతుంటాను. మరుసటి ఏడాది ఆ ఐబార్ పద్దెనిమిదో స్థానంలో ముగించి కూడా నిలబడింది. కారణం, పదమూడో స్థానంలో ఉన్న ఎల్చేని పన్ను బాకీ పేరుతో కిందికి దించారు. ఎల్చే బాకీ పడింది నిజం. వేటు సరైనదే కావచ్చు. కానీ మొదటి డివిజన్లో ఆ వేటు తొలిసారి నిజంగా పడటానికి ఎల్చే అంత చిన్న మెడే దొరికింది.

ఇక 2021లో బార్సిలోనా అప్పు 135 కోట్ల యూరోలని వాళ్ళ అధ్యక్షుడే ప్రకటించాడు. మెస్సీ వెళ్ళిపోయాడు. మరుసటి ఎండాకాలం, రాబోయే పాతికేళ్ళ టీవీ ఆదాయంలో నాలుగో వంతు అమ్ముకుని లెవాండోవ్‌స్కీని, ఇంకొందరిని కొన్నారు. 2023లో లీగ్ గెలిచారు. పాతికేళ్ళ రాబడిని ముందే అమ్ముకుని ఆటగాళ్ళని కొంటే పత్రికలు దాన్ని తెలివైన ఎత్తుగడ అని రాశాయి. లెందోయిరో దీనికన్నా చిన్న పని చేశాడు.

నాకు నచ్చని ఉదాహరణ

ఇక్కడ ఆగితే నా వాదన చాలా అందంగా ఉంటుంది. కానీ రియల్ సోసియేడాడ్ ఉంది కదా.

సాన్ సెబాస్టియన్ కొరునా కంటే చిన్న ఊరు. 2003లో లీగ్ దాదాపు గెలిచి రెండో స్థానంలో ఆగారు. 2007లో దిగువ డివిజన్‌కి పడ్డారు. 2008లో వాళ్ళూ అప్పులతో కోర్టు మెట్లెక్కారు, డిపోర్ కన్నా అయిదేళ్ళు ముందే. 2010లో తిరిగొచ్చారు. 2013లో డిపోర్ కోర్టులో నిలబడిన ఏడాదే వాళ్ళు ఛాంపియన్స్ లీగ్ బెర్తు కొట్టారు. ఇదెలా సాధ్యమైంది? సుబియెతా అనే చోట వాళ్ళకి సొంత అకాడమీ ఉంది. అక్కడ పెరిగిన పిల్లలే టీమ్. డబ్బు లేనప్పుడు పిల్లలు ఆడారు, వాళ్ళని అమ్మితే డబ్బు వచ్చింది.

డిపోర్ చేతిలో డబ్బు ఆడిన రోజుల్లో అలాంటిది ఏదీ గట్టిగా కట్టలేదు. లెందోయిరో గొప్ప బేరగాడు. రాత్రి మూడింటికి కూడా బేరం తెగేదాకా ఎదుటివాణ్ణి కదలనిచ్చేవాడు కాదని పేరు. సిద్ధంగా ఉన్న ఆటగాణ్ణి తేవడంలో ఆయనకున్న కన్ను వేరెవరికీ లేదు. మకాయ్‌ని తెచ్చాడు, 2003లో బయెర్న్‌కి మంచి ధరకి అమ్మాడు. వరసగా అయిదేళ్ళు ఛాంపియన్స్ లీగ్ డబ్బు వచ్చింది. ఆ డబ్బులో కొంత పదేళ్ళ పిల్లల మీద పెట్టి ఉంటే? నా దృష్టిలో ఆయన అసలు తప్పు ఇదీ. అప్పు చెయ్యడం కంటే పెద్ద తప్పు. 2011లో 43 పాయింట్లు ఉండి కూడా, మామూలుగా బతికి బయటపడే లెక్కతో, ఆఖరి రోజు మళ్ళీ అదే వలెన్సియా చేతిలో రియాజోర్‌లోనే ఓడి దిగిపోయినప్పుడు ఆ టీమ్‌లో చాలామంది వయసు మీరినవాళ్ళే.

విల్యారియల్ సంగతి కూడా కొందరు ఎత్తుతారు. యాభై వేల ఊరు, బ్రహ్మాండంగా నడుస్తోంది కదా అని. దాని వెనక టైల్స్ ఫ్యాక్టరీల అధిపతి ఫెర్నాండో రోయిగ్ ఉన్నాడు. ఆ ఉదాహరణ చిన్న క్లబ్ గురించి కాదు, మంచి ఆసామి దొరకడం గురించి. కొరునా పక్కనే ఉన్న ఆర్తేషోలో జారా దుస్తుల సామ్రాజ్యం ఉంది, ప్రపంచంలోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకాయన కొరునాలోనే ఉంటాడు. ఆయన డిపోర్‌ని కొనలేదు. అది ఆయనిష్టం.

మూడో డివిజన్ జనం

2020 జూలై 20న రెండో డివిజన్ ఆఖరి రౌండ్. డిపోర్ గెలిస్తే బతికే అవకాశం ఉంది. ప్రత్యర్థి ఫుయెన్‌లాబ్రాడా ఆటగాళ్ళకి కోవిడ్ రావడంతో ఆ ఒక్క మ్యాచ్ వాయిదా వేసి, మిగతావన్నీ ఆడించేశారు. మిగతా ఫలితాలు వచ్చేసరికి డిపోర్ ఆడకుండానే దిగిపోయింది. ఆగస్టులో ఖాళీ స్టేడియంలో ఆ మ్యాచ్ ఆడి 2–1తో గెలిచారు కూడా. ఎందుకూ కొరగాని గెలుపు. 1995లో రెండు క్లబ్బుల కోసం లీగ్‌నే సాగదీసిన దేశంలో, ఈసారి ఏమీ సాగలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు మూడో అంచెలో. లీగ్ ఛాంపియన్ అయిన క్లబ్, మిలాన్‌కి నాలుగు కొట్టిన క్లబ్, పెద్ద క్లబ్బుల రిజర్వు టీములతో ఆడింది. విచిత్రం ఏమిటంటే జనం తగ్గలేదు. 2021లో డిపోర్ కుర్రాళ్ళ టీమ్ స్పెయిన్ జూనియర్ ఛాంపియన్లయి యూరప్ యూత్ లీగ్‌కి అర్హత సాధిస్తే, వాళ్ళ ఆట చూడటానికి రియాజోర్‌కి వేలమంది వచ్చారు. పెద్దవాళ్ళు మూడో డివిజన్లో, పిల్లలు యూరప్‌లో! ఇరవై ఏళ్ళు ఆలస్యంగానైనా డిపోర్‌కీ అకాడమీ ఫలించిందన్నమాట.

2023 జనవరిలో లూకాస్ పెరెజ్ వచ్చాడు. కొరునాలో పుట్టినవాడు, ఆర్సెనల్ దాకా వెళ్ళినవాడు. మొదటి డివిజన్లో కాదిజ్‌కి ఆడుతూ, ఆ ఒప్పందం తెంచుకోవడానికి దాదాపు అర మిలియన్ యూరోలు తన జేబులోంచి కట్టి, రెండు అంచెలు కిందికి దిగి, నామమాత్రపు జీతానికి సొంత ఊరి క్లబ్‌లో చేరాడు. 2024 మే 12న బార్సిలోనా రిజర్వు టీమ్ మీద అతని ఫ్రీకిక్‌తోనే 1–0 గెలిచి డిపోర్ రెండో డివిజన్‌కి తిరిగొచ్చింది. ఎనిమిది నెలలకి, 2025 జనవరిలో, సొంత కారణాలంటూ క్లబ్ వదిలి వెళ్ళిపోయాడు. కొందరు అభిమానులు నొచ్చుకున్నారు. నేనైతే అతను బాకీ లేడనే అంటాను.

జనం గురించి ఎందుకింత చెబుతున్నానంటే, మన దగ్గర చూసిందొకటి ఉంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టారు. పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో వచ్చింది. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెస్ చేతిలో కుర్రాళ్ళ టీమ్ అందంగా ఆడింది. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. ఆ సీజనంతా కోవిడ్ మూలంగా గోవాలోనే జరిగింది, గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ లేదు. తర్వాత సీజన్లో నేను గచ్చిబౌలికి వెళ్ళినప్పుడు నా ముందు వరసలో ఒక తండ్రి, పసుపు చొక్కాలో ఉన్న కొడుక్కి సర్దిచెబుతున్నాడు: "నాన్నా, మన టీమ్ ఆ పసుపు కాదు, అది కేరళ. మనది ఇటుపక్క." పిల్లాడు ఒప్పుకోలేదు. జనం ఎక్కువ ఉన్నది అటే మరి. ఆ తర్వాత జీతాల గొడవలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, యాజమాన్యం మారడం, 2025లో క్లబ్ ఏకంగా ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకోవడం. నిరసనగా ఒక బంద్ సంగతి అటుంచండి, పేపర్లో పెద్ద వార్త కూడా కాలేదు. యాభైల్లో వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన సిటీ పోలీస్ టీమ్ ఉన్న ఊరు ఇది. ఆరేళ్ళ క్లబ్బునీ నూరేళ్ళ క్లబ్బునీ పోల్చడం అన్యాయమే, తెలుసు. కానీ అప్పు వల్లే క్లబ్బులు చస్తాయనుకుంటే కొరునా ఎప్పుడో చచ్చేది.

ఇప్పుడు ఎవరిది

బావగారికి ఈ భాగమే బాగా నచ్చింది. డిపోర్ పన్ను బాకీ తీర్చడానికి, కొరునా ఉన్న గలీసియా ప్రాంతపు బ్యాంకు అబాంకా అప్పిచ్చింది. 2020లో క్లబ్ మూడో అంచెకి పడ్డాక, ఆ అప్పుని తిరిగి అడిగే బదులు వాటాలుగా మార్చుకుని బ్యాంకే యజమాని అయింది. "చూశావా, చివరికి కాపాడింది బ్యాంకే" అన్నారు ఆయన, తనే సంతకం పెట్టినంత గర్వంగా.

కాపాడింది, కాదనను. బ్యాంకు వచ్చాక జీతాలు సమయానికి పడుతున్నాయి, మూడో అంచెలో ఉన్నప్పుడు కూడా చేతిలో డబ్బుంది. కానీ 1992లో చట్టం ప్రకారం క్లబ్బులన్నీ కంపెనీలుగా మారినప్పుడు (రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, బిల్బావో క్లబ్ అత్లెటిక్, ఒసాసునాలకి మాత్రం మినహాయింపు, పద్దులు బాగున్నాయని), డిపోర్ వాటాలు కొన్నది ఎక్కువగా మామూలు జనం. వేల ఇళ్ళల్లో తలా ఒకటో రెండో వాటాలు. స్పెయిన్‌లో అంత పలచగా పంచుకున్న క్లబ్బులు తక్కువ. అప్పు వాటాలైన రోజున ఆ ఇళ్ళల్లోని కాగితాల విలువ దాదాపు సున్నా అయిపోయింది. వాళ్ళు అప్పు చెయ్యలేదు, ఆటగాణ్ణి కొనలేదు, పన్ను ఎగ్గొట్టలేదు. ఓటు మాత్రం వాళ్ళదే పోయింది.

ఇది చెబితే బావగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాటాదారుడంటే నష్టానికీ వాటాదారుడేరా" అన్నారు. చట్టప్రకారం అది నిజమే. మరి అట్లెటికోలో వాటాలు చేజిక్కించుకున్నవాళ్ళకి ఆ నష్టం ఎందుకు రాలేదని అడిగాను. దానికి ఆయన ఇంకా జవాబివ్వలేదు. ఐబార్ కథ వివరంగా రాసి పంపాను, నీలం టిక్కులు పడ్డాయి. అబాంకా బ్యాంకు రేపు ఏ అమెరికన్ ఫండ్‌కో డిపోర్‌ని అమ్మేస్తే అభిమానులని అడగాల్సిన అవసరం ఉంటుందా అన్నది నా తర్వాతి ప్రశ్న. ఆయన సంక్రాంతికి వస్తున్నారు.